కళ్లు పోయేంత కాటుక

ప్రశ్న: అక్కా, నాకు 23 ఏళ్లు. రెండేళ్లుగా కాస్‌ప్లే, అంటే సినిమా, కామిక్స్ పాత్రల్లా వేషాలు వేయడం, చేస్తున్నాను. వచ్చే నెలలో రెండు రోజుల ఫ్యాన్ ఈవెంట్ ఉంది. మొదటి రోజు పొద్దున రెండు గంటలు మాస్కట్ వేషంలో, అంటే ఒళ్లంతా కప్పేసే పెద్ద బొమ్మ వేషంలో, తిరగమని నిర్వాహకులు అడిగారు. ఉచిత పాసు వస్తుంది కదా అని సరేనన్నాను. అదే రోజు సాయంత్రం పోటీ. నాలుగు నెలలుగా కుట్టుకుంటున్న వేషం అందులో వేయాలి. ఆ పాత్రవి ఎర్రటి కళ్లు. నాకు మైనస్ రెండు పవర్ కళ్లజోడు ఉంది, కాంటాక్ట్ లెన్స్ ఎప్పుడూ పెట్టుకోలేదు. నా ఫ్రెండ్ తన ఎర్ర లెన్స్ ఇస్తానంటోంది. ఒక్కసారే వాడిందట, ఒక రాత్రి లెన్స్ శుభ్రం చేసే సొల్యూషన్‌లో నానబెడితే చాలంటోంది. మా అమ్మ రోజూ ఒకటే గొడవ, "కళ్లు పోయేంత కాటుక ఎవరు పెట్టుకోమన్నారే" అని. మా బృందంలో ఒకరేమో "లెన్స్ లేకపోతే అది ఆ పాత్రే కాదు" అనేశారు. టెన్షన్‌తో కుట్టుపని కూడా సాగడం లేదు. ఏం చేయమంటారు? పేరు వేయకండి.

జవాబు: చెల్లీ, ముందు ఆ లెన్స్ సంగతి తేల్చేద్దాం. నీ ఫ్రెండ్ ఇచ్చే లెన్స్ పెట్టుకోవద్దు. ఒక్కసారే వాడిందా, పదిసార్లు వాడిందా, రాత్రంతా నానబెట్టిందా అన్న లెక్కలు వద్దు. విగ్గు అరువు తెచ్చుకో, కత్తి అరువు తెచ్చుకో, బూట్లు సరిపోతే అవీ తెచ్చుకో. లెన్స్ మాత్రం అరువు సరుకు కాదు.

ఎందుకో చెబుతాను. కంటి ముందు అద్దంలా ఉండే పొరను కార్నియా అంటారు. దానిలో రక్తనాళాలు ఉండవు. అందుకే అంత స్వచ్ఛంగా, వెలుతురు సూటిగా లోపలికి పోయేలా ఉంటుంది. రక్తం అందదు కాబట్టి దానికి కావలసిన ఆక్సిజన్‌లో ఎక్కువ భాగాన్ని, మనం మెలకువగా ఉన్నంతసేపూ, కన్నీటి పొర ద్వారా గాలి నుంచే తీసుకుంటుంది. లెన్స్ పెట్టామంటే ఆ దారికి అడ్డంగా ఒక తెర వేసినట్టే. రోజూ పెట్టుకునే మంచి లెన్స్‌లు గాలిని బాగానే పోనిస్తాయి. వేషాల కోసం చేసే రంగు లెన్స్‌ల్లో చాలావాటికి ఆ గుణం తక్కువ, పైగా రంగు పొర అదనం. కొన్ని నాసిరకం లెన్స్‌ల్లో ఆ రంగు లోపల ఇమిడి ఉండదు, పైపైనే ఉంటుంది. గరుకుగా ఉండి కన్ను కొట్టిన ప్రతిసారీ రాసుకుంటుంది, క్రిములకూ పట్టు దొరుకుతుంది.

ఇక నానబెట్టడం మాట. సొల్యూషన్ చాలా క్రిములను చంపుతుంది, అన్నిటినీ కాదు. నీళ్లలో ఉండే అకాంతమీబా అనే సూక్ష్మజీవి గట్టి పెంకు కట్టుకుని కూర్చుంటే మామూలు సొల్యూషన్‌కు లొంగడం కష్టం. అది కంట్లో చేరితే వైద్యం నెలల తరబడి సాగుతుంది. సూడోమోనాస్ అనే బ్యాక్టీరియాది ఇంకో తీరు, ఒకటి రెండు రోజుల్లోనే కార్నియాను పుండు చేయగలదు. నీ ఫ్రెండ్ శుభ్రంగా ఉండే అమ్మాయే కావచ్చు. ఆమె కంట్లో ఏ బాధా కలిగించని క్రిమి నీ కంట్లో చిన్న గీత దొరికితే ఊరుకోదు.

అదీ కాక, ఆ లెన్స్ నీ కంటి కొలత కాదు. లెన్స్ డబ్బా మీద రెండు సంఖ్యలు ఉంటాయి చూడు. ఒకటి వంపు, 8.6 లాంటిది. రెండోది వ్యాసం, 14.2 లాంటిది. రెండూ మిల్లీమీటర్లలోనే. నీ కార్నియా వంపు కంటే లెన్స్ బిగుతుగా ఉందంటే దాని కింద కన్నీరు కదలదు. వదులైతే జారుతూ తిరుగుతుంది. బూటు బిగుతైతే కాలు వెంటనే చెబుతుంది. కన్ను ఒక్కోసారి సాయంత్రం దాకా ఏమీ చెప్పదు. ఇంకొకటి, నీకు మైనస్ రెండు ఉందన్నావు. నీ ఫ్రెండ్ లెన్స్‌కు బహుశా పవర్ ఉండదు. అంటే స్టేజీ మీద నీకు న్యాయనిర్ణేతల ముఖాలే కాదు, స్టేజీ అంచు కూడా మసగ్గానే కనిపిస్తుంది.

పవర్ లేని రంగు లెన్స్ అలంకారమే కదా, డాక్టరెందుకు అని నువ్వు అడగొచ్చు. అమెరికాలో 2005 నుంచి, పవర్ ఉన్నా లేకపోయినా, ప్రతి కాంటాక్ట్ లెన్స్‌నూ చట్టం వైద్య పరికరంగానే లెక్కిస్తోంది. డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు. బ్రిటన్‌లోనూ పవర్ లేని లెన్స్‌ల అమ్మకానికి అర్హత ఉన్నవాళ్ల పర్యవేక్షణ కావాలి. విగ్గు మీద, గోళ్ల మీద ఇలాంటి చట్టాలు లేవు, గమనించు.

అలాగని లెన్సే వద్దనడం లేదు. నేను పదమూడేళ్లుగా వేషాలు వేస్తున్నాను, అందులో సగానికి పైగా రంగు కళ్లతోనే. నీకు ఇంకా నెల ఉంది. ఈ వారంలోనే కంటి డాక్టరు దగ్గరికి వెళ్లు, అమ్మను కూడా తీసుకెళ్లు. ఆమె భయం ఊరికే పుట్టింది కాదు. ఎదురుగా డాక్టరు కొలతలు తీసి "ఈ అమ్మాయి పెట్టుకోవచ్చు" అంటే ఆ గొడవ సగం అక్కడే తీరిపోతుంది. వద్దంటే నీకూ తేలిపోతుంది. పొడి కళ్లో, అలర్జీయో ఉంటే డాక్టరు వద్దనే అవకాశం ఉంది. దాన్ని ఓటమి అనుకోకు.

వెళ్లినప్పుడు రంగు లెన్స్ కావాలని మాత్రమే చెప్పి ఊరుకోకు. ఎంతసేపు పెట్టుకోబోతున్నావో, స్టేజీ లైట్ల కింద ఉంటావని, ముఖం నిండా మేకప్ వేస్తావని, నీకు పవర్ ఉందని, అన్నీ చెప్పు. నీ పవర్‌లోనే రంగు లెన్స్ దొరకడం కొంచెం కష్టమే కానీ దొరుకుతుంది. కంటి తెల్లగుడ్డంతా కప్పేసే పెద్ద లెన్స్‌లు ఉంటాయి, 22 మిల్లీమీటర్లవి. కనుపాప మీద కూడా సన్నటి జాలీ పరిచిన లెన్స్‌లు ఉంటాయి. మొదటిసారికి ఈ రెండింటి జోలికీ పోవద్దు. పెద్దవి పెట్టడం, తీయడం అలవాటైన చేతికే కష్టం. జాలీవి పెట్టుకుంటే పొగమంచులో నడుస్తున్నట్టే.

మామూలు రంగు లెన్స్‌తోనే ఒక చిక్కుంది, పోటీ సాయంత్రం కాబట్టి నీకది తెలియాలి. లెన్స్ మధ్యలో చూపు కోసం రంగు లేకుండా వదిలిన గుండ్రటి ఖాళీ ఉంటుంది. దాని సైజు మారదు. నీ కనుపాప మాత్రం వెలుతురులో చిన్నదవుతుంది, చీకట్లో పెద్దదవుతుంది. తెర వెనక చీకట్లో కనుపాప ఆ ఖాళీని మించి విచ్చుకుందంటే రంగు అంచు చూపులోకి వస్తుంది. చుట్టూ ఎర్రటి మసక వలయం కట్టినట్టు ఉంటుంది, పక్క చూపు తగ్గుతుంది. స్టేజీ మెట్లు సరిగ్గా అక్కడే ఉంటాయి. వాటిని ఎవరైనా చెయ్యి పట్టుకుని ఎక్కించాలి. లెన్స్‌తో బండి మాత్రం నడపకు.

లెన్స్ చేతికొచ్చాక పోటీ లోపు కనీసం నాలుగైదు రోజులు ఇంట్లో పెట్టి తీసి సాధన చేయి. మొదటి రోజు అరగంట, తర్వాత గంట, అలా. పెట్టడం కంటే తీయడం మీద ఎక్కువ సాధన చేయమంటాను. దీనికి నా దగ్గర ఒక సిగ్గులేని కథ ఉంది. వేషాలు మొదలుపెట్టిన రెండో ఏడాది పసుపు కళ్లు, పొడవాటి నల్ల గోళ్లు ఉన్న ఒక రాక్షసి పాత్ర వేశాను. గోళ్లు గట్టి జిగురుతో అతికించుకున్నాను, రెండు రోజులైనా ఊడిరాని జిగురు. మధ్యాహ్నానికి కుడి కంట్లో ఇసుక పడ్డట్టు మొదలైంది. లెన్స్ తీయాలి. ఎలా తీస్తాను? పది వేళ్లకూ రెండంగుళాల గోళ్లు! అద్దం ముందు నిలబడి నలభై నిమిషాలు ఏడిచాను. చివరికి ఎవరో తెలియని అమ్మాయి చేతులు కడుక్కుని వచ్చి, నా రెప్పలు పట్టుకుని తీసింది. కార్నియా మీద గీత పడింది. వారం రోజులు చుక్కల మందు వేసుకుంటూ చీకటి గదిలో గడిపాను. తప్పు లెన్స్‌ది కాదు, గోళ్లదీ కాదు. ఏది ముందు, ఏది వెనక అన్నది నేను ఆలోచించలేదు, అంతే.

అందుకే ఆ వరుస చెబుతున్నాను, ఎక్కడైనా రాసిపెట్టుకో. విగ్గుకు స్ప్రే కొట్టే పని ముందే ముగించు. చేతులు సబ్బుతో కడిగి, నూగు రాలని గుడ్డతో బాగా ఆరబెట్టు. తడి చేత్తో లెన్స్ ముట్టుకోవద్దు, కుళాయి నీళ్లు దానికి తగలనే కూడదు. ముందు లెన్స్, తర్వాతే మేకప్. పౌడరు అద్దేటప్పుడు కళ్లు మూసుకో. క్రాఫ్ట్ పనులకు వాడే మెరుపు పొడి కంటి దరిదాపులకు రానివ్వకు, దాని అంచులు పదునుగా ఉంటాయి. గోళ్లు, గ్లవ్స్ అన్నిటికంటే చివర. ఇంటికొచ్చాక గోళ్లు ముందు తీసి, చేతులు కడిగి, లెన్స్ తీసి, ఆ తర్వాత మేకప్ తుడుచుకో. నూనె ఉన్న మేకప్ రిమూవర్ లెన్స్‌కు అంటుకుంటే వదలదు. ఎంత అలసటగా ఉన్నా, కారులో ఇంటికొచ్చే దారిలో అయినా సరే, లెన్స్‌తో కునుకు తీయొద్దు. లెన్స్‌తో నిద్రపోయేవాళ్లకు కంటి ఇన్ఫెక్షన్ ముప్పు ఆరు నుంచి ఎనిమిది రెట్లు పెరుగుతుందని అమెరికా ఆరోగ్య సంస్థ సీడీసీ హెచ్చరిస్తుంది.

ఇంకో మాట. లెన్స్ కంట్లో ఉండగా ఫోమ్ అతికించే జిగురు డబ్బా మూత తెరవకు. చివరి నిమిషంలో భుజం కవచం ఊడిపోతుంది, ప్రతిసారీ ఊడుతుంది. అప్పుడు జిగురు పని పక్కవాళ్లకు అప్పగించు. ఆ ఆవిరి ఊపిరితిత్తులకు ఎటూ మంచిది కాదు, మామూలు దుమ్ము మాస్కు దాన్ని ఆపలేదు.

ఎంతసేపు ఉంచుకోవచ్చన్నది నీ డాక్టరు చెప్పే మాటే ఖాయం. నన్నడిగితే, కొత్తగా పెట్టుకునేవాళ్లకు ఒక వేషానికి నాలుగు గంటలు దాటొద్దంటాను. నొప్పి, ఎరుపు, వెలుతురు చూడలేకపోవడం, చూపు మసకబారడం, వీటిలో ఏది వచ్చినా పోటీ మధ్యలో అయినా తీసెయ్. తీశాక కూడా తగ్గకపోతే అదే రోజు డాక్టరు దగ్గరికి వెళ్లు. వెళ్లేటప్పుడు ఆ లెన్స్, దాని డబ్బా కూడా పట్టుకెళ్లు, ఏ క్రిమి పట్టిందో పరీక్ష చేయడానికి అవి పనికొస్తాయి. ఇంట్లో ఎవరికో రాసిచ్చిన చుక్కల మందు మిగిలి ఉందని వేసుకోకు. అందులో స్టెరాయిడ్ ఉందంటే కొన్ని ఇన్ఫెక్షన్లు ఇంకా ముదురుతాయి.

ఇప్పుడు మాస్కట్ దగ్గరికి వద్దాం. నిజం చెప్పనా? నీ ఉత్తరంలో నన్ను ఎక్కువ భయపెట్టింది ఎర్ర లెన్స్ కాదు, "రెండు గంటలపాటు" అన్న మాట. ఆ మాట అన్నవాళ్లు ఎప్పుడూ మాస్కట్ తల తగిలించుకుని ఉండరు.

ఒళ్లు వేడెక్కితే చెమట పడుతుంది, అది ఆరితే చల్లబడతాం. మాస్కట్ లోపల ఫోమ్, దాని మీద బొచ్చు. చెమట పడుతుంది కానీ ఆరదు. హాల్లో ఏసీ ఉందిలే అనుకుంటారు, ఆ చల్లదనం బొచ్చు దాటి లోపలికి రాదు. 2019 జూలైలో జపాన్‌లో ఒసాకా ప్రాంతంలోని ఒక వినోద పార్కులో మాస్కట్ వేషంతో డాన్స్ సాధన చేసిన 28 ఏళ్ల యువకుడు వడదెబ్బతో చనిపోయాడు. మిట్టమధ్యాహ్నం ఎండలో కాదు, పొద్దు గుంకాక. అతనిది ఆరోగ్యంగా ఉండాల్సిన వయసే.

వేడి దెబ్బలో దుర్మార్గం ఏమిటంటే, అది ముందు మన బుద్ధినే మందగింపజేస్తుంది. తల తిరుగుతున్నా "ఇంకొక్క ఫొటో" అనిపిస్తుంది. పిల్లలు పరుగెత్తుకొచ్చి కాళ్లు చుట్టేస్తుంటే ఆ ఉత్సాహంలో ఒంటి మాట వినిపించదు. బయటివాళ్లకేమో నీ ముఖం కనిపించదు. ఎర్రబడిందా, పాలిపోయిందా ఎవరికీ తెలియదు, ఆ బొమ్మ ముఖం నవ్వుతూనే ఉంటుంది. లెన్స్ సంగతీ ఇంతే. స్టేజీ ఊపులో కన్ను మంట తెలియదు. వేషంలో ఉన్న మనిషికి తన హద్దు తాను చూసుకోవడం చేతకాదు, చెల్లీ. ఎంత అనుభవం ఉన్నా అంతే, నన్నూ కలిపే చెబుతున్నాను. కాబట్టి వేషం వేయకముందే గంటలు, నిమిషాలు తేల్చుకోవాలి. గడియారం ఇంకొకరి చేతిలో ఉండాలి.

ఆ ఇంకొకరిని మాస్కట్లవాళ్లు హ్యాండ్లర్ అంటారు. జపాన్‌లో కుమామోతో ప్రాంతం 2010లో తయారుచేసుకున్న నల్ల ఎలుగుబంటి కుమమోన్‌ను చూశావా? అంతటి మాస్కట్ అయినా జనంలోకి వచ్చేటప్పుడు పక్కన సహాయకులు ఉంటారు. హ్యాండ్లర్ పని సంచి మోయడం కాదు. మాస్కట్ తలలోంచి చూపు చాలావరకు నోటి సందులోంచో, కళ్ల జాలీలోంచో వస్తుంది. కింద ఏముందో కనిపించదు. నీ మోకాళ్ల ఎత్తు పిల్లలు నీ లోకంలో లేనట్టే. మెట్లు, వైర్లు, తడి నేల అన్నీ హ్యాండ్లరే చెప్పాలి. నీకేమో కళ్లజోడు ఉంది, ఆ తల లోపల అది రెండు నిమిషాల్లో ఆవిరి పట్టేస్తుంది. ఆవిరి పట్టనివ్వని ద్రవం రాసి, తాడుతో కట్టుకుంటే కొంత నయం, పూర్తిగా కాదు. అందుకని నీకు హ్యాండ్లర్ ఇంకా ఎక్కువ అవసరం.

నిర్వాహకులను ఇవి అడుగు, మొహమాటపడకుండా. నా పక్కన ఎవరు ఉంటారు? ఒక్కో విడత ఎన్ని నిమిషాలు? తల తీసి కూర్చోవడానికి జనం చూడని చల్లటి గది ఉందా? తలలో ఫ్యాన్ ఉందా, దాని బ్యాటరీ ఎంతసేపు వస్తుంది? నాకు ముందు ఇది వేసుకున్నదెవరు, ఆ తర్వాత కడిగారా, ఆరబెట్టారా? ఒక్కో విడత ఇరవై నిమిషాలు, ఎండలో అయితే పదిహేను లోపే. తర్వాత కనీసం అంతసేపు తల తీసేసి నీళ్లు తాగుతూ కూర్చోవాలి. మరో ఇద్దరితో వంతులు వేసుకుంటే రెండు గంటల కార్యక్రమం హాయిగా నడుస్తుంది. "మా మాస్కట్ ఇప్పటిదాకా ఒక్కరే చేశారు" అని జవాబొస్తే ఆ పాసు వాళ్ల దగ్గరే ఉంచుకోమను. సొంతంగా టికెట్ కొనుక్కుని వెళ్లు.

లోపల తలకు వేసుకునే బట్ట టోపీ మాత్రం నీ సొంతం తీసుకెళ్లు. ఎవరి చెమట వాళ్లదే. చెమటను లాగేసే సన్నటి బనియను, పైజామా వేసుకో, నూలువి తడిసి అంటుకుపోతాయి. సైగలు ముందే మాట్లాడుకోండి. చెయ్యి తల మీద పెడితే "చాలు, తీసుకెళ్లు" అని, పొట్ట మీద రెండుసార్లు తడితే "నీళ్లు" అని, అలా. వేషంలో మాట్లాడకూడదన్నది మంచి సంప్రదాయమే. జనం ముందు తల తీయకూడదన్నది కూడా మంచిదే, పసిపిల్లలు బెదిరిపోతారు. కానీ కడుపులో తిప్పినా, తలనొప్పి మొదలైనా, కాళ్లు పట్టేసినా అక్కడికక్కడే తల తీసెయ్. ఒక పిల్లాడు ఏడిస్తే బిస్కెట్‌తో మానిపిస్తారు. నువ్వు పడిపోతే ఆ పిల్లాడు చూసేది అంతకంటే ఘోరం. హ్యాండ్లర్‌కు ఒక్క విషయం గట్టిగా చెప్పి ఉంచు. నువ్వు తికమకగా సైగలు చేస్తున్నా, పిలిస్తే పలక్కపోయినా నీ అనుమతి కోసం ఆగొద్దు. వెంటనే తల తీసి, వేషం విప్పి, ఒళ్లంతా చల్లటి నీళ్లతో తడిపి, విసురుతూ, అంబులెన్స్‌కు ఫోన్ చేయాలి.

కొందరు తోక లాగుతారు, వీపు మీద గుద్దుతారు, అడక్కుండా వాటేసుకుంటారు. లోపల మనిషి ఉందని మర్చిపోతారు మరి. నీ పోటీ వేషంలోనూ ఇలాంటివి ఎదురవుతాయి. 2014లో న్యూయార్క్ కామిక్ కాన్ అనే పెద్ద ఫ్యాన్ ఈవెంట్‌లో "కాస్‌ప్లే అంటే అనుమతి కాదు" అని పెద్ద బోర్డులు పెట్టారు, ఆ మాట ఇప్పుడు చాలా ఈవెంట్లలో నియమం. నీ ఈవెంట్‌లో ఫిర్యాదు ఎవరికి చేయాలో మొదటి గంటలోనే కనుక్కో.

ఇక అసలు చిక్కు. రెండూ ఒకే రోజు పెట్టుకున్నావు. పొద్దున మాస్కట్‌లో నీళ్లన్నీ చెమటగా పోతాయి, తలలో ఫ్యాన్ సూటిగా కళ్ల మీదకు విసురుతుంది, కళ్లు ఎండిపోతాయి. అలా ఎండిన కంట్లో సాయంత్రం కొత్త లెన్స్. పైగా నిన్ను చూడకుండానే చెప్పగలను, ముందు రోజు రాత్రి నువ్వు నిద్రపోవు. అందరం అంతే, మూడింటి దాకా అంచులు కుడుతూ కూర్చుంటాం. నిద్ర లేకపోతే ఒంటికి వేడిని ఓర్చుకునే శక్తి తగ్గుతుంది, కళ్లు మండుతాయి. మాస్కట్‌ను రెండో రోజుకు మార్చమని అడుగు. మారుస్తామంటే సరే. కుదరదంటే మాస్కట్‌ను వదులుకో. నాలుగు నెలలు కుట్టింది పోటీ వేషాన్ని, ఆ బొచ్చు తలను కాదు కదా.

అన్నట్టు, మాస్కట్ లోపల కూడా ఆ ఎర్ర లెన్స్‌తో ఉంటే సాయంత్రానికి టైమ్ కలిసొస్తుందని నీ మనసులో ఉంటే, వద్దు. కొత్తవాళ్లు కొందరు నిజంగానే అలా చేస్తారు. ఆ తలలో నీ కళ్లు ఎవరికీ కనిపించవే తల్లీ! బయట కనిపించేవి జాలీ మీద రంగు వేసిన కళ్లు. కొన్ని తలలకు కంటి గుంటను లోపలికి వంపుగా చేస్తారు, నువ్వు ఎటు నిలబడినా అవి నీకేసే చూస్తున్నట్టు అనిపిస్తాయి. కాస్‌ప్లే మొత్తంలో నాకు అత్యంత ఇష్టమైన మాయ అది. దానికి కావలసింది ఫోమ్, గుడ్డ, కాస్త లెక్క. ఎవరి కార్నియానూ ఇబ్బంది పెట్టక్కర్లేదు.

"లెన్స్ లేకపోతే అది ఆ పాత్రే కాదు" అన్నవాళ్ల మాట. 1939లో న్యూయార్క్‌లో జరిగిన మొదటి ప్రపంచ సైన్స్ ఫిక్షన్ సమావేశానికి ఇద్దరు అభిమానులు భవిష్యత్తు మనుషుల్లా వేషం కట్టుకుని వెళ్లారు. ఆ దుస్తులు కుట్టింది వాళ్లలో ఒకరైన మర్టిల్ డగ్లస్ అనే ఆమె. మన హాబీ చరిత్ర చెప్పేవాళ్లు చాలామంది అక్కడి నుంచే మొదలుపెడతారు. వాళ్ల కళ్ల రంగు ఎవరూ అడగలేదు. పాత్ర కోసం ఎంత దూరమైనా పోవాలనే పిచ్చికి ఇంకో కథ ఉంది. 1972లో లాస్ ఏంజెలెస్‌లో జరిగిన అదే సమావేశంలో ఒకాయన ఒంటి నిండా పీనట్ బటర్ పూసుకుని వేదికెక్కాడు. లైట్ల వేడికి అది కంపు కొట్టి, పక్కవాళ్ల దుస్తులకూ అంటుకుంది. అప్పటి నుంచి అలాంటి పోటీల నియమాల్లో "పీనట్ బటర్ నిషేధం" అన్న మాట చేరింది. పాత్రకు న్యాయం చేయడానికి కూడా ఒక హద్దు ఉంటుందని మనవాళ్లకు యాభై ఏళ్ల కిందటే తెలుసు.

స్టేజీకి పది అడుగుల దూరంలో కూర్చున్న మనిషికి కంటి రంగు సరిగా కనిపించదు. కనిపించేవి ఆకారం, విగ్గు, కనుబొమల వంపు, నడక. డాక్టరు వద్దన్నా, పవర్‌లో రంగు లెన్స్ టైమ్‌కి రాకపోయినా కంగారుపడకు. పై రెప్ప మీద ముదురు ఎరుపు, కింది రెప్పల వరసకు కాస్త దిగువగా సన్నటి ఎర్ర గీత, రెప్ప అంచు తోక బయటికి లాగి పైకి. ఆ ఎరుపు మేకప్ కళ్ల దగ్గర వాడేదేనా కాదా అని చూసి కొను, పెదవుల రంగు తీసి పూసుకోకు. దగ్గరి ఫొటోల్లో కళ్ల రంగు తర్వాత మార్చుకోవచ్చు, పేరున్న కాస్‌ప్లేయర్లు కూడా చేసే పనే అది. న్యాయనిర్ణేతలకు కుట్టుపని దశలవారీ ఫొటోలు పెట్టిన ఫైలు ఇవ్వు. లోపలి కుట్లు చూపించు. వేషం ఎంత నీ చేత్తో చేశావన్నదానికి మార్కులు ఉండే పోటీలో, కొనుక్కొచ్చిన లెన్స్‌కు ఎన్ని మార్కులు పడతాయనుకుంటున్నావు?

మిగిలింది నీ ఫ్రెండ్. ఆమె మంచి మనసుతోనే ఇస్తానంది, కాబట్టి ఆమె మీద తప్పు పెట్టకు. "నా కళ్ల కొలత వేరట, డాక్టరు వేరే రాశారు" అను, అది నిజమే అవుతుంది. ఆమె దగ్గరున్న డబ్బా మీద తెరిచిన తారీఖు, ఎన్నాళ్లకు పారేయాలన్నది చూడమని చెప్పు. నెల లెన్స్ అయితే తెరిచిన నెలకు చెల్లిపోయినట్టే, ఒక్కసారి వాడినా సరే. తారీఖు గుర్తు లేకపోతే ఆమె కూడా పెట్టుకోకూడదు. ఆ తర్వాత పోటీ రోజుకు నీ హ్యాండ్లర్‌గా రమ్మని ఆమెనే అడుగు. ఫోన్‌లో నాలుగు గంటల అలారం ఆమెది, మెట్ల దగ్గర చెయ్యి ఆమెది. లెన్స్ డబ్బా, కొత్త సొల్యూషన్, సబ్బు, నీ కళ్లజోడు కూడా ఆమె సంచిలోనే పెట్టు. నీ వేషానికి జేబులు కుట్టుకుని ఉండవని నాకు తెలుసు.